కొలతకో తల ఊపు

టైలరు మాస్టారికి మంచి అలవాట్లు అంటుకోవు. ఆ సంగతి ఆయన భార్యకు పెళ్లైన కొత్తలోనే తెలిసింది. పొద్దున్నే నడుస్తానని కొన్న బూట్లు తలుపు కొట్టుకోకుండా అడ్డుపెట్టడానికి పనికొస్తున్నాయి. రోజూ రాస్తానని కొన్న డైరీలో రెండు పేజీలే నిండాయి, రెండో పేజీలో "నిన్నటిలాగే" అని ఉంది. రోజుకు ఎనిమిది గ్లాసుల నీళ్లు తాగాలని ఎవరో చెబితే, ఎనిమిదీ ఒకేసారి తాగేసి, ఆ పూటంతా మంచం దిగకుండా పడుకుని, మర్నాటినుంచి ఆ ఊసే ఎత్తలేదు.

ఈసారి మాత్రం విషయం ముదిరింది. ముప్పై ఏళ్లుగా మిషను మీద వంగి కుట్టీ కుట్టీ మాస్టారి మెడ కొయ్యబారిపోయింది. పక్కనుంచి ఎవరైనా పలకరిస్తే, ఇరుకు సందులో లారీ తిప్పినట్టు, ముందుకో అడుగు వెనక్కో అడుగు వేసి మనిషంతా తిరగాల్సి వచ్చేది.

"మెడను మెల్లగా కుడికీ ఎడమకీ తిప్పి, చివర గుండెనిండా గాలి పీల్చి వదలండి. రోజుకు పాతికసార్లైనా చెయ్యాలి. ఆరు వారాల్లో వదులు కాకపోతే మిషను ముట్టుకోకూడదు," అన్నాడు డాక్టరు.

మిషను ముట్టుకోకపోతే షాపు మూసెయ్యడమే. వాళ్లది రెండు గదుల ఇల్లు. ముందుగది షాపు, వెనకగది కాపురం. షాపు మూస్తే తిండికెలా అన్నది ఒక దిగులు. మాస్టారు రోజంతా వెనకగదిలోనే ఉంటారన్నది రెండో దిగులు. ఆవిడకు రెండోదే ఎక్కువగా పట్టుకుంది.

గోడకు కేలెండరు తగిలించి, మెడ తిప్పిన రోజున టిక్కు పెట్టమంది. మూడోరోజు చూస్తే నెలాఖరు దాకా టిక్కులున్నాయి.

"ఇదేంటండీ, వచ్చే ఆదివారంది కూడా చేసేశారా?"

"తీరిక దొరికింది కదా, ఓ పనైపోతుందని పెట్టేశాను."

"టిక్కులు పెట్టారు సరే, మెడో?"

"దాని టైము దానికుంటుందిగా," అన్నారు మాస్టారు, ఆవిడ వైపు చూడకుండా. చూద్దామన్నా తల తిరగదు.

ఆవిడ బాగా ఆలోచించింది. ఈయనకు కొత్త అలవాటును విడిగా ఇస్తే ఎక్కడో పారేసుకుంటారు. కొత్త గుడ్డను పాత అంచుకు కలిపి కుట్టినట్టు, ఉన్న అలవాటుకే జతచెయ్యాలి.

"ఏవండీ, మీరు చచ్చినా మర్చిపోని పని ఒకటి చెప్పండి."

"భోంచెయ్యడం."

"అది కాకుండా."

మాస్టారు చాలాసేపు వెతుక్కుని, "కొలతలు తియ్యడం," అన్నారు.

ఆ పూటే ఏర్పాటు జరిగిపోయింది. మాస్టారు టేపు పట్టి అంకె చెబుతారు, బల్ల దగ్గర కూర్చుని ఆవిడ నోటుబుక్కులో రాస్తుంది. అంకె చెప్పగానే మాస్టారు తల కుడికి, తల ఎడమకి, ఆపైన ఊపిరి వదలడం. మొదటివారం ఆవిడ దగ్గి గుర్తుచెయ్యాల్సి వచ్చింది. గొంతు బొంగురుపోయింది కూడా. రెండోవారానికి అంకె నోట్లోంచి బయటపడీ పడకముందే తల బయల్దేరేది. అయిదోవారానికి మెడ నూనె పోసిన మడతబందులా తిరగసాగింది. డాక్టరు కూడా తెగ మెచ్చుకున్నాడు.

"ఇంత పట్టుదలున్న మనిషిని నేను చూడలేదండీ."

"నేనూ చూడలేదు," అంది ఆవిడ.

అంతా బాగానే ఉంది గానీ, షాపుకు వచ్చే జనం తగ్గారు. పండగ లేదు, వాన లేదు, ఎదురుగా కొత్త షాపూ రాలేదు. ఎందుకు తగ్గారో బోధపడలేదు. ఓరోజు వీధి చివర బేకరీ నడిపే ఆవిడ, బాగుచెయ్యడానికిచ్చిన గౌను తీసుకుపోడానికి వచ్చి, లోపలికి రాకుండా గడపలోనే నిలబడింది.

"రా అమ్మా, కూర్చో," అంది మాస్టారి భార్య.

"వద్దులే అక్కా. ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోకు. నేను మరీ అంత లావుగా ఉన్నానా?"

"ఎవరన్నారు?"

"అనలేదు. అంటే బాగుండేది. మాస్టారు నా నడుం కొలిచి, నలభై ఒకటి అని, తల ఇటూ అటూ ఊపి, 'హూఁ' అని నిట్టూర్చారు. మా ఆయన పోయినప్పుడు కూడా ఎవరూ అంత బాధగా నిట్టూర్చలేదక్కా. రెండు వారాలుగా నా బన్నులు నేనే ముట్టుకోవడం లేదు."

"అది మెడ కోసం..."

"పోస్టుమాన్‌కైతే చేతుల పొడుగు చూసి ఊపారట. లావైతే తగ్గొచ్చు, చేతుల్నేం చేసుకుంటాడు పాపం. రోజూ అద్దం ముందు నిలబడి చూసుకుంటున్నాడట."

బేకరీ ఆవిడ వెళ్లాక మాస్టారి భార్య నోటుబుక్కు తిరగేసింది. నిజమే. గత రెండు వారాల్లో నలుగురే. మెడ బాగుపడి షాపు మూతపడేలా ఉంది.

సరిగ్గా అప్పుడే స్కూలు నుంచి కబురొచ్చింది. పిల్లలందరి యూనిఫారాలూ, టీచర్లకు కోట్లూ కుట్టించాలట. సోమవారం హెడ్‌మిస్ట్రెస్ స్వయంగా వచ్చి తన కోటుకు కొలతలిస్తుందట. పని నచ్చితే మొత్తం ఆర్డరు వీళ్లకే. అది వస్తే వీధిలో ఒక్కరు రాకపోయినా ఏడాది గడిచిపోతుంది.

"సోమవారం తల ఊపారంటే మన పని గోవిందా," అంది ఆవిడ.

"ఊపనులేవే. నా తల నా మాట వినదా?"

వినలేదు. ఆదివారమంతా సాధన చేయించింది. కుర్చీ కొలిచారు, "ముప్పై రెండు" అన్నారు, తల ఊగింది, నిట్టూర్పు వచ్చింది.

"కుర్చీని కూడా ఎందుకండీ చిన్నబుచ్చుతారు?"

మెడచుట్టూ తువ్వాలు బిగించి కట్టింది. తల ఆగింది గానీ కనుగుడ్లు కుడికీ ఎడమకీ తిరిగాయి. చూడ్డానికి అది ఇంకా ఘోరంగా ఉంది. అంకె పైకి చెప్పకుండా వేళ్లతో చూపమంది. వేళ్లు చూపుతూనే ఊపారు. చీకటిపడేసరికి ఇంట్లో బీరువా, తలుపు, మంచం అన్నీ మాస్టారి నిట్టూర్పులకు నోచుకున్నాయి. ఆవిడ తలపట్టుకుని కూర్చుంది.

సోమవారం హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది. భారీ మనిషి. ఆవిడ రాగానే షాపులోని గుడ్డలు కూడా సర్దుకుని కూర్చున్నట్టు అనిపించింది. మాస్టారు టేపు తీశారు. భార్య పెన్సిలు పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకుంది.

"నడుము నలభై ఆరు."

కుడికి. ఎడమకి. హూఁ.

హెడ్‌మిస్ట్రెస్ టేపు వైపు చూసి, మాస్టారి వైపు చూసింది.

"ఎందుకు ఊపారు తల?" అడిగింది హెడ్‌మిస్ట్రెస్.

మాస్టారు టేపు చుట్టసాగారు. "అది... అంటే..."

"ఆయనకు మొహమాటం తెలీదండీ," అంది భార్య గబగబా. అది అబద్ధమేమీ కాదు కాబట్టి ధైర్యంగానే అంది.

హెడ్‌మిస్ట్రెస్ మాస్టారి వైపే చూస్తూ కుర్చీలో కూర్చుంది. "ఇరవై ఏళ్లుగా నా ఎదుట ఏ తలైనా పైకీ కిందికే ఊగుతోంది. మా పాత టైలరు ఏటా 'సన్నబడ్డారు మేడం' అంటూ నలభై అని రాసుకునేవాడు. పోయినేడు బహుమతుల సభలో వంగి కప్పు అందిస్తుంటే గుండీ ఎగిరి అతిథిగారి కాఫీలో పడింది. ఆయన తాగేశాడు కూడా, మర్యాదకి." ఆవిడ లేచింది. "ఆర్డరు మీదే. బుధవారం వచ్చి టీచర్లకు కొలతలు తియ్యండి. ఒక్క షరతు. ఎవరికీ తల ఊపడం మానకూడదు. నాకు ఊపి వాళ్లకు ఊపకపోతే స్టాఫ్‌రూములో నాకు విలువుండదు."

ఆవిడ అటు వెళ్లగానే మాస్టారు పొంగిపోయారు. "ఊపడమేగా. అది నాకు నిద్రలో కూడా వచ్చు."

భార్యకు మాత్రం ఎక్కడో కీడు తోచింది. ఈయనకు ఏదైనా చెయ్యకూడదంటే వస్తుంది. చెయ్యాలంటేనే ఇబ్బంది.

బుధవారం స్టాఫ్‌రూములో ముప్పైమంది టీచర్లు వరసలో నిలబడ్డారు. హెడ్‌మిస్ట్రెస్ కిటికీ పక్కన కుర్చీ వేసుకుంది. మొదట వ్యాయామం మాస్టారు.

"భుజం పంతొమ్మిది," అన్నారు టైలరు మాస్టారు.

తల కదల్లేదు.

ఆయన మొహంలో రంగు మారింది. "చెయ్యి ఇరవై అయిదు." కనుబొమలు కదిలాయి. చెవులు కూడా కాస్త కదిలాయి. తల మాత్రం మునుపటి కొయ్యలా నిలబడింది. ఊపాలి, ఊపాలి అనుకున్నకొద్దీ ఎటువైపు ముందో ఆయనకు గుర్తు రావడంలేదు. ఎదురు బల్ల దగ్గర నోటుబుక్కుతో కూర్చున్న భార్య కంగారుపడింది. దగ్గుదామంటే అందరూ చూస్తున్నారు. అయినా చేతిలో పని ఆపకుండా చెప్పిన అంకెనల్లా రాసుకుంటూ పోయింది.

విచిత్రమేమిటంటే, హెడ్‌మిస్ట్రెస్ ఏమీ అనలేదు. పైగా తృప్తిగా చూస్తోంది. వ్యాయామం మాస్టారు కుంగిపోయిన మొహంతో పక్కకు జరిగాడు. సైన్సు టీచరు కూడా అంతే. మూడోది లెక్కల టీచరు. నడుము కొలత చెప్పగానే ఆమె ఉడుక్కుంది.

"చూడండి మేడం. మాస్టారు పాపం మర్యాదగానే ఉన్నారు. ఆవిడకేంటట? ఒక్కో అంకె రాయడం, తల అటూ ఇటూ ఊపడం, నిట్టూర్చడం. మధ్యలో ఆవిడకెందుకు మా నడుంతో?"

గదిలో అందరి చూపూ మాస్టారి భార్య మీద పడింది. అప్పుడు గమనించుకుంది ఆవిడ. తన తల ఎడమవైపు తిరిగి ఉంది. ఆరు వారాలుగా ఆయనకు ఎదురుగా కూర్చుని, ఆయన చెప్పిన ప్రతి అంకె రాస్తూ... ఎప్పటినుంచో ఏమో.

"కొలిచేవాళ్లకంటే రాసేవాళ్లకే బాగా తెలుస్తుందమ్మా," అంది హెడ్‌మిస్ట్రెస్. "అందుకే ఇద్దర్నీ పిలిపించాను. మీరు కానివ్వండి."

ఆవిడ తలను అక్కడే ఆపేద్దామనుకుంది. ఆగలేదు. అది తన పని తాను పూర్తిచేసుకుని, హూఁ అని ఊపిరి వదిలి, తీరిగ్గా మధ్యకు వచ్చింది.

మాస్టారు భార్యను కళ్లప్పగించి చూసి, టేపు మెడలో వేసుకుని, హాయిగా నడుం నిటారు చేశారు.

"తరవాతి వాళ్లు రండమ్మా," అన్నారు. "నాదేముంది, కొలవడమేగా."