మూడో సెమిస్టర్

నానిన బొరుగులను రెండు చేతులా పిండి పళ్ళెంలో వేస్తుండగా హాల్లోంచి భర్త తిప్పేష్ అడిగాడు. "ఈ వయసులో ఎంబీఏ చేసి యాడికి పోతావు హేమా? నాకు తెలీకుండా కంపెనీ ఏమన్నా పెట్టినావా?"

హేమావతి ఇంకో పిడికెడు పిండింది. బొరుగులు నీళ్ళలో ఒక్క నిమిషం ఎక్కువుంటే ఉగ్గాని ముద్దయిపోతుంది, అప్పుడు దాని గురించి ఇంకో మాట పడాలి. తిప్పేష్ గూడ్సు బండి గార్డు. పదింటికి డ్యూటీ ఎక్కాలి. ఆలోపల ఆయనకు టిఫిను, క్యారియరు, కూతురు ఉమకు జడలు, అత్తకు కళ్ళల్లో చుక్కల మందు.

మంచం మీద నుంచి అత్త ఆంజినమ్మ కొడుక్కే చెప్పింది. "పోతే పోనీలేరా. ఆపొద్దు అయిదుకు అయిదూ తప్పె, ఈపొద్దు మళ్ళా తప్పుతాది. మనకేం పాయె? కూడు మాత్రం టైముకు పడాల."

అయిదుకు అయిదూ. పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో ఆ మాట ఉప్పూ కారంలా వాడుకలో ఉంది. కూర మాడితే అదే మాట. ఉమకు లెక్కల్లో మార్కులు తగ్గితే "తల్లి పోలిక" అని అదే మాట. కొత్త ఫ్రిజ్ ఏది కొనాలన్న దగ్గర హేమావతి నోరు తెరిస్తే, "అయిదు సబ్జెక్టులు తప్పినోళ్ళు చెప్తాంటే వినాల మనం" అని తిప్పేష్ నవ్వేవాడు. మొదట్లో ఆమె లేచి వంటింట్లోకి పోయేది. తర్వాత తర్వాత ఆమె కూడా నవ్వడం నేర్చుకుంది. అన్నిటికన్నా అదే ఆమెకు ఎక్కువ సిగ్గు.

వారం కిందట ఫోనుకు ఒక మెసేజీ వచ్చింది. దూరవిద్యలో ఎంబీఏ మధ్యలో ఆపేసిన పాత విద్యార్థులకు ఇదే చివరి అవకాశం, మిగిలిన పేపర్లు ఎప్పుడు ఏవి రాస్తారో ప్రణాళిక వేసుకుని అనంతపురం స్టడీ సెంటరుకు రండి, అని. ఆఫీసు మెట్ల మీద నిలబడి ఆమె దాన్ని నాలుగుసార్లు చదివింది. తన పేరు ఇంకా ఎక్కడో ఒక రిజిస్టరులో ఉందన్న సంగతే ఆమెకు నమ్మబుద్ధి కాలేదు.

ఆమె పనిచేసేది ఒక విత్తనాల కంపెనీలో. పదేళ్ళయింది. బెళుగుప్ప వైపు వాన ఆగస్టు దాకా రాకపోతే రైతులు వేరుశనగ అడగరు, కొర్రకో ఉలవలకో మళ్ళుతారు. ఏ ఊరికి ఏ వారంలో ఎన్ని మూటలు పోతాయో ఆమెకు కాగితం చూడకుండా తెలుసు. పోయినేడు అదంతా ఆరు పేజీలు రాసిచ్చింది. కొత్త మేనేజరు గిరి దాన్ని మీటింగులో తన పేరుతో చదివాడు. బయటికొచ్చి, "అక్కా, మీరు బాగా రాసినారు. ఎంబీఏ వాళ్ళు రాసినట్టే ఉండాది" అని మెచ్చుకున్నాడు. ఆ కుర్చీకి ఆమె కూడా దరఖాస్తు పెట్టి ఉండొచ్చు. పెట్టలేదు. తప్పినవాళ్ళు ఎలా పెడతారు?

ఆ వారమంతా మధ్యాహ్నం అన్నం తినే అరగంటలో ఆమె ప్రణాళిక వేసింది. మూడో సెమిస్టర్ అయిదు పేపర్లు, నాలుగో సెమిస్టర్ నాలుగు, ప్రాజెక్టు ఒకటి. స్టాటిస్టిక్స్ కష్టం కాబట్టి తిప్పేష్ వరుసగా డ్యూటీలో ఉండే వారాల్లో పెట్టుకుంది. అత్త కంటి ఆపరేషను నెలలో ఏమీ పెట్టలేదు. ఉమ పరీక్షల మార్చి వదిలేసింది. శ్రావణమాసం వదిలేసింది. ఆదివారం తరగతులకు పోవాలంటే శనివారమే పప్పు నానబెట్టాలని కూడా మూలన చిన్నగా రాసుకుంది. అన్నీ సర్దేసరికి రెండేళ్ళు దాటి మూడో ఏడు వచ్చింది. అయినా ఆ కాగితాన్ని చూస్తే ఆమెకు ఆకలి మరిచిపోయేంత ఆశ పుట్టింది. ఒక్కో పేపరు పేరు మీద వేలు పెట్టి మెల్లగా చదువుకునేది, దూరాన ఉన్న ఊళ్ళ పేర్లు చదువుకున్నట్టు.

ఆమెకు కావలసింది డిగ్రీయేనా అంటే ఆమెకే తెలియదు. ఆమెకు గుర్తొచ్చేది ఒక వారం. ఏడో నెల కడుపుతో మూడో సెమిస్టర్ పరీక్షలకు అనంతపురంలో ఒక లేడీస్ హాస్టల్లో ఉన్న వారం. ఇనుప మంచం, గోడకు ఒక మేకు, ఆ మేకుకు తన సంచి. పొద్దున లేచి ఎవరికీ ఏమీ చేసిపెట్టకుండా టీ తాగి, పుస్తకం తెరిచి, లోపల బిడ్డ కదిలితే పొట్ట మీద చేయి వేసి "ఉండు తల్లీ, ఈ పేజీ అయిపోనీ" అనేది. పరీక్ష హాలుకు నడుచుకుంటూ పోయేది. రాసిన ప్రతి జవాబూ సరిగ్గా రాసినట్టే అనిపించింది. మూడు నెలల తర్వాత ఇంట్లో బాలింతగా ఉండగా తిప్పేష్ నెట్ సెంటరుకు పోయి ఫలితాలు చూసొచ్చి చెప్పులు విడుస్తూనే చెప్పాడు. "అయిదూ పోయినాయి." ఆ వారంలో తనకు కలిగిన నమ్మకమంతా అబద్ధమేనని ఆమె నమ్మింది. ఏది సరిగ్గా చేశానని అనిపించినా దాన్ని మళ్ళీ అనుమానించడం అప్పటినుంచే అలవాటయింది.

మరుసటి రోజు శనివారం సెలవు పెట్టి అనంతపురం బండెక్కింది. స్టడీ సెంటరు కోఆర్డినేటరు కృపాకుమారి యాభై దాటిన మనిషి. ముక్కు మీదికి జారే కళ్ళద్దాలతో హేమావతి ప్రణాళికను మొదటినుంచి చివరిదాకా చదివింది.

"ఇది మీ ఇంటి ప్రణాళిక కదమ్మా. అందరూ ఉండారు దీంట్లో. సందు దొరికిన కాడ నువ్వు దూరినావు."

హేమావతి తల వంచుకుని నవ్వింది.

కృపాకుమారి కంప్యూటరులో నంబరు కొట్టి కాసేపు చూసింది. "మూడో సెమిస్టర్ ఏంటికి రాసినావు ఇందులో?"

"తప్పినా కదా మేడమ్. అయిదూ."

"ఎవరు చెప్పినారు?"

కృపాకుమారి తెరను ఆమె వైపు తిప్పింది. అయిదు పేపర్లు, అయిదింటికీ ఎదురుగా పాస్. స్టాటిస్టిక్స్‌లో డెబ్బై నాలుగు. హేమావతి ముందు నంబరు చూసింది, తర్వాత పేరు, పుట్టిన తేదీ. అన్నీ తనవే.

"మార్కుల మెమో ఇంటికి రాలేదు మేడమ్."

కృపాకుమారి లోపలికి పోయి దుమ్ము దులుపుతూ పాత రిజిస్టరొకటి తెచ్చింది. మెమోలు తీసుకున్నవాళ్ళ సంతకాలు. ఆ ఏడాది సెప్టెంబరు పేజీలో హేమావతి పేరు ఎదురుగా ఒక సంతకం ఉంది. చివర గీత కిందికి దించి మళ్ళీ పైకి చుట్టిన సంతకం. ఉమ స్కూలు రిపోర్టు మీద, గ్యాసు పుస్తకం మీద ఆమె ఎప్పుడూ చూసేదే. నెట్ సెంటరులో చదవడంలో పొరపాటు పడ్డాడేమో అని ఒక్క క్షణం అనుకోబోయింది. ఆ సంతకం ఆ పాటి సాకు కూడా మిగల్చలేదు. ఆయన ఇంత దూరం వచ్చి, వరుసలో నిలబడి, ఆమె పాసైన కాగితాన్ని చేతిలోకి తీసుకుని, ఇంటికొచ్చి అన్నం తిన్నాడు.

కృపాకుమారి మంచినీళ్ళ గ్లాసు జరిపి, పని మాట ఎత్తింది. "నీకు ఒక్క సెమిస్టరే మిగిలుండాది. హెచ్ఆర్‌లో నాలుగు పేపర్లు, ప్రాజెక్టు. ఆరు నెలల్లో అయిపోతాది."

హెచ్ఆర్ విభాగం కూడా చేరేటప్పుడు దరఖాస్తులో తిప్పేష్ టిక్కు పెట్టిందే. "ఆడోళ్ళకు అది సులువు" అన్నాడు అప్పుడు. హేమావతి బల్ల మీదున్న పేపర్ల పట్టికను తిరగేసింది. రూరల్ మార్కెటింగ్. సప్లై చైన్. వానకూ విత్తనానికీ మధ్య తను పదేళ్ళుగా చూస్తున్నదానికి ఎవరో పేర్లు పెట్టి ఉంచారు.

"ఇవి తీసుకోవచ్చా మేడమ్?"

"తీసుకోవచ్చు. అయితే మూడో సెమిస్టరువి రెండు పేపర్లు కొత్తగా రాయాల. ఏడాది పడతాది. సర్టిఫికెట్ మీద మాత్రం రెండూ ఎంబీఏనే, ఆలోచించుకో."

హేమావతి ఆలోచించింది. ఆరు నెలల్లో అందరి నోళ్ళూ మూయించవచ్చు. గిరి ముందు కాగితం పెట్టవచ్చు. కానీ ఆ ఇనుప మంచం మీద కూర్చున్న అమ్మాయి ఎవరి నోరూ మూయించడానికి చదవలేదు. ఆమె పేజీ మీద పేజీ తిప్పింది, అంతే.

"ఏడాదే రాసుకోండి మేడమ్."

కొత్త కాగితం తీసుకుని కొత్త ప్రణాళిక రాసింది. పేపర్లు, తేదీలు. ఇంకేమీ రాయలేదు. పుస్తకాలు అక్కడే తీసుకుంది.

ఇంటికొచ్చేసరికి తిప్పేష్ సాయంత్రం డ్యూటీకి బూట్లు వేసుకుంటున్నాడు. ఆంజినమ్మ వాకిట్లో కూర్చుని కొర్రల్లో రాళ్ళు ఏరుతోంది. కృపాకుమారి తీసిచ్చిన మార్కుల ప్రింటును హేమావతి ఆయన పక్కన కుర్చీలో పెట్టింది.

"మెమో నువ్వే తీసుకునింటివి. యాడుండాది?"

ఆయన కాగితం చూశాడు కానీ, లేసు బిగించడం ఆపలేదు. "ఎప్పటిదో ఇప్పుడేంటికి? యాడో పోయింటాది."

"పాసైనానని తెలుసు నీకు."

"తెలుసు. చెప్పింటే ఏమయితాండె? నెలల పిల్లను ఈడ పెట్టి మళ్ళా పరీక్షలని పోతాంటివి. మా అమ్మతో అయితాదా? ఇల్లు నిలబడాల గదా. నీ మంచికే చెప్పలే."

"తప్పినానని చెప్పింది కూడా నా మంచికేనా?"

ఆయన లేచి క్యారియరు కోసం చూశాడు. అది ఖాళీగా గట్టు మీద బోర్లించి ఉంది. గడియారం చూసుకుని, గడప దగ్గర ఆగాడు. "ఎన్ని దినాలుండాది ఇంకా ఈ చదువు?"

"ఆరు నెలల్లో అయిపోతాండె. నేనే ఏడాదికి రాసినా."

"ఏంటికి?"

"అయిపోవాలని కాదు. చదవాలనుండాది నాకు."

ఆయన వెళ్ళాక ఆంజినమ్మ చేట పక్కకు పెట్టింది. "నువ్వు పాసయింటివా?" అంది మెల్లగా.

"అవునత్తా."

"నాకూ తప్పిందనే చెప్పినాడు. నేను ఇన్నేండ్లు వాని మాట పట్టుకోని నిన్ను..." ఆంజినమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటే అది మందు చుక్కల వల్లేనని హేమావతి అనుకోలేకపోయింది. పన్నెండేళ్ళు ఒక్క సాయంత్రంలో మాసిపోవు. అయినా పక్కనే కూర్చుని రూరల్ మార్కెటింగ్ పుస్తకం తెరిచింది.

కొంతసేపటికి ఆంజినమ్మ అడిగింది. "ఏముండాది దాంట్లో?"

హేమావతి మొదటి పాఠంలోంచి ఒక మాట విప్పి చెప్పింది. "ఏదన్నా అమ్మాలంటే ముందు మనిషి దగ్గరికి పోయి నీకేం కావాలని అడగాలంట. మనమే అనుకోని ఇచ్చేది కాదంట."

"అడిగేదానికి కూడా చదువా?" ఆంజినమ్మ నవ్వబోయి ఆగింది. "నన్నెవరూ అడిగినట్టు లేదే."

హేమావతి పుస్తకంలోంచి తలెత్తింది. "నీకేం కావాలత్తా?"

ఆంజినమ్మ వీధిలోకి చూసింది. చేట వైపు చూసింది. డెబ్బై ఏళ్ళ మనిషి, జవాబు కోసం ఎక్కడ వెతకాలో తెలియనట్టు తన రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది. హేమావతి పేజీలో వేలు పెట్టుకుని, తొందరపెట్టకుండా, కాచుకుని కూర్చుంది.