బన్నీకి మిరపకాయ పరీక్ష

పొద్దున్నే కాలవగట్టు మీద బన్నీ ముందు, బుల్లియ్య వెనక. గోదావరిలో వేట మానేశాక ఆయనకు తోడు ఆ కుక్కే. ఇద్దరికీ మాటలతో పని లేదు. దారిలో జెర్రిపోతు అడ్డమొస్తే అది దాటేదాకా ఆగేవారు. తుమ్మకొమ్మ మీద పసిరిక పాము వేలాడుతుంటే ఒంగి కింద నుంచి పోయేవారు.

ఆ రోజు తూము దగ్గర బుల్లియ్య కట్టిన వలలో ఏదో కొట్టుకుంటోంది. చేపనుకుని బన్నీ మూతి పెట్టింది. కుయ్యిమని వెనక్కి ఎగిరింది. ముక్కు మీద నెత్తురు. వలకు చుట్టుకున్న గుర్రపుడెక్క సందులోంచి ఒక పాము మెడ వెడల్పు చేసి లేచి, మళ్లీ మునిగింది.

నీరుకట్ట పామే అనుకున్నాడు బుల్లియ్య. దానికి విషం ఉండదు. వల లాగేటప్పుడు దాని కాట్లు ఎన్నో తిన్నాడు. కానీ ఆ మెడ చూస్తే అనుమానం వచ్చింది. కుక్కను చంకనెత్తుకుని ఇంటికొచ్చాడు.

"పురుగు ముట్టింది," అన్నాడు భార్యతో.

అప్పాయమ్మ చేతిలో చేట జారిపోయింది. "ఏ పురుగయ్యా?"

"నీరుకట్టనుకుంటా."

"అనుకుంటే సరిపోద్దా!"

పక్కింటి త్రిమూర్తులు గోడ మీదుగా తొంగి చూశాడు. "పడగ ఇప్పిందా బాబాయ్?"

"మెడ లావు చేసింది."

"ఇంకేంటి, తాచే! పిన్నీ, పచ్చిమిరపకాయ పట్రా. కారం తెలిస్తే విషం ఎక్కనట్టు. మా తాతకీ అలాగే చూశారు."

కుక్కకు ఆ పరీక్ష పెట్టినవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు. అప్పాయమ్మ కాయ తుంచి బన్నీ నోట్లో పెట్టింది. బన్నీ నమిలి మింగింది. మూతి నాక్కుని, ఇంకోటి ఉందా అన్నట్టు చూసింది.

"కారం తెలీట్లేదురా త్రిమూర్తులూ! ఎక్కేసింది!" అప్పాయమ్మ గొల్లుమంది.

బుల్లియ్య కుక్కను ఆమె ఒళ్లో పెట్టాడు.

"బండి తీస్తా బాబాయ్, పశువుల ఆసుపత్రికి పోదాం. ఏ పామో అడుగుతారు మరి."

"చూసొస్తా," అంటూ బుల్లియ్య కాలవకేసి పరుగు తీశాడు.

పాము ఇంకా వలలోనే చిక్కుకుని ఉంది. కర్రతో వల పైకెత్తాడు. పాము బుస్సుమని మెడ చదును చేసింది. మెడ వెనక తాచుకుండే గుర్తు లేదు. ఒళ్లంతా నల్లటి గళ్లు. కంటి కింద కాటుక కారినట్టు రెండు ఏటవాలు చారలు. బుల్లియ్య కర్ర దించి గట్టు మీద కూర్చున్నాడు.

త్రిమూర్తులు బండి మీద వచ్చాడు. వెనక అప్పాయమ్మ, ఆమె ఒళ్లో బన్నీ.

"నీరుకట్టే," అన్నాడు బుల్లియ్య.

"మరి కారం ఎందుకు తెలీలేదు?" అంది అప్పాయమ్మ.

బుల్లియ్య బన్నీకేసి చూశాడు. "రోజూ తినేది నీ చేపల పులుసేగా."

త్రిమూర్తులు బండి స్టాండు వేసి మరీ నవ్వాడు. "అవునండోయ్! ఆ పులుసు తిన్నోళ్లకి మిరపకాయ ఓ లెక్కా! మొన్న ఓ ముద్ద తిని నేను బిందెడు నీళ్లు తాగాను పిన్నీ!"

బుల్లియ్య కత్తితో వల కోశాడు. పాము జరజరా నీళ్లలోకి పోయింది. వలలో మిగిలిన జెల్ల చేపను బన్నీ ఎత్తుకుపోయింది. ఆ పరుగు చూసి అప్పాయమ్మ కళ్లు తుడుచుకుంది. అంతలోనే మొగుడి మీదికి తిరిగింది.

"అంత కారమైతే ఇన్నేళ్లూ నోరు తెరిచి చెప్పొచ్చుగా?"

"నువ్వు అడగలేదు," అన్నాడు బుల్లియ్య.