మూడో పలక

టేపు చివర గోటితో పట్టుకుని సుందర్ రాజ్ ఒక్క లాగు లాగాడు. పలక మీది క్లియర్ కోటు టేపుతో పాటే లేచి వచ్చింది, ఎండకి కాలిన వీపు మీద తోలు ఊడినట్టు. షెడ్డు గుమ్మం దాకా వెళ్లి మురిక్కాలవలో ఉమ్మాడు. ఈగలు లేచి మళ్లీ అక్కడే వాలాయి.

రుషికొండలో సాఫ్ట్‌వేర్ పిల్లలు ఆడుకునే సెంటరు నుంచి వస్తాయా పలకలు. ఆ ఆటని పిన్‌బాల్ అంటారు. స్టీలు గుండు బొమ్మల పలక మీద గెంతుతూ దీపాలు వెలిగిస్తుంది. దాని దెబ్బలకి బొమ్మలు చెరిగిపోకుండా పైన అద్దంలాంటి క్లియర్ కోటు కొట్టాలి. బతుకంతా హార్బరులో ఓడల అడుగులకీ, స్టీలుప్లాంటు గొట్టాలకీ రంగు కొట్టినవాడు ఆఖరికి ఆటబొమ్మల దగ్గర తేలాడు. తలుచుకుంటేనే రోత.

"ఊడింది ఇది మూడోది బావా," అన్నాడు పొద్దున్నే ఓనరు దేవీప్రసాద్. "సాయంత్రానికి తేల్చీ. కోటు కొట్టిన నీదా తప్పు, ఎమరీ కాయితంతో పలక రుద్దిన పిల్లదా? ఎవులో ఒకరు ఎల్లిపోవాల."

ఆ పిల్ల రోజలిన్. ఇంటి దగ్గర చంటిబిడ్డ, అత్త. ఆమె జీతం మీదే ముగ్గురూ. జాకెట్టు మీద ఎప్పుడూ పాల మరక, పులిసిన వాసన. రంగులో కలిపే థిన్నరు కంపు భరిస్తాడు గాని సుందర్ రాజ్ ఆ వాసన భరించలేడు.

కంప్రెసర్ గొట్టం విప్పి గాలిని గుడ్డ మీదికి వదిలాడు. గుడ్డ తడవలేదు. గాలిలో నీళ్లు చేరి కోటు చెడలేదు. కోటు ఊడిన చోట పలక అంతా ఒకేలా గరుకుపట్టి మసకగా ఉంది. ఎమరీ లోపమూ కాదు. బ్లేడుతో ఇంకోచోట గళ్లు గీసి టేపు లాగాడు. ఊడలేదు. పక్కన లాగితే ఊడింది. అలా గీస్తూ, లాగుతూ పోయి వెనక్కి జరిగి చూశాడు. ఊడిన చోట్లన్నీ కలిసి నాలుగు వేళ్లు, బొటనవేలు, అరచెయ్యి. చిన్న చెయ్యి.

కోటుకి సిద్ధంగా ఉన్న ఇంకో పలక మీద నీళ్లు చిలకరించాడు. అంతటా పరుచుకున్న నీళ్లు ఒక్కచోట మాత్రం చుక్కలుగా ముడుచుకున్నాయి. వంగి వాసన చూశాడు. నూనె.

"ఓలమ్మీ, సేతికేటి రాత్తన్నావు?"

రోజలిన్ బిత్తరపోయింది. "ఏటీ నేదంకుల్. పనికొచ్చేముందు మా అత్తమ్మ పార్తన సేసి అరిసేతుల్లో నూనె రాత్తాది. సభల్లో ఇచ్చిన నూనె. సేతి పని దీవెనవ్వాలని."

"అయ్యింది దీవెన. తోలూడిపోతంది, సూడు."

తొడుగేసుకుంటే గరుకు తెలీదని, కోటుకి ముందు వట్టి అరచెయ్యి పలక మీద ఒకచోట అదిమి చూడమని రోజలిన్‌కి నేర్పింది తనే. చెయ్యి కడుక్కోమని మాత్రం ఏనాడూ అనలేదు. ఓడల దగ్గర ఎవరు కడుక్కున్నారు గనక? తన చేతుల వంక చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో ఏళ్ల నాటి రంగు. ఏవగింపు పుట్టింది.

"ఓనరుగారికి నానే సెప్పేత్తానంకుల్. పాపకేటో ఆ దేవుడే..." కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నోర్ముయ్. కంపు కొడతన్నావు, ఎల్లి మొకం కడుక్కో. సేతులు సబ్బెట్టి రుద్దు. రేపట్నుంచి ఆ నూనె నెత్తికి రాయమను ముసల్దాన్ని."

సాయంత్రం దేవీప్రసాద్ ఫోను చూసుకుంటూ వచ్చాడు. "తేలిందేటి బావా?"

"కంప్రెసర్లో నీళ్లు. తీసీడం మర్సిపోనాను."

రంగు విషయంలో ఎన్నడూ అబద్ధమాడనివాడు. గుక్కెడు థిన్నరు మింగినట్టయింది.

"నువ్వా? మర్సిపోడమేటి?"

"వయసైపోనాది."

"సరే మరి. రేపట్నుంచి నువ్వు రావొద్దు బావా," అని దేవీప్రసాద్ మళ్లీ ఫోనులోకి తల దించాడు.

రోజలిన్ కొళాయి దగ్గర ఇంకా చేతులు రుద్దుతూనే ఉంది. సుందర్ రాజ్ ఆమె వైపు చూడలేదు. చొక్కా భుజాన వేసుకుని కాలవ దాటి, గాజువాక రోడ్డెక్కి లారీల మధ్య కలిసిపోయాడు.

కంప్రెసర్ వెనక గూట్లో, థిన్నరు రుచి అంటకుండా పొద్దున్నే తీసి స్టీలు గ్లాసు నీళ్లలో వేసుకున్న అతని పైవరస కట్టుడు పళ్లు అలాగే ఉన్నాయి. నీళ్ల మీద హార్బరు బొగ్గు ధూళి పల్చగా పొర కడుతోంది.