పంచె అంచు కట్టిన కాకరకాయలు

మా ఆయన వామనరావు పంతులు బతికినన్నాళ్లూ కాకరకాయ నోట పెట్టలేదు. కానీ మా పెరట్లో కాకరతీగ లేని ఏడాది లేదు. తరతరాలుగా వస్తే మంథనిలో వాళ్లమ్మ దాచిన గింజ అది. వేలెడు కాయ, ఒళ్లంతా ముళ్లు, చేదంటే చేదు. ఆమె ఆబ్దికానికి విస్తట్లో ఆ కాకరే పడాలి.

"మరి మీ ఆబ్దికానికి ఏం పెట్టమంటరు?" అని ఓసారి ఏడిపించాను.

"గదే పెట్టు. పోయినంక తింట, ఒట్టు" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. నిరుడు పోయారు.

ఆ తర్వాత బొగ్గుగనుల సెంటినరీ కాలనీలో మా అబ్బాయి ఋత్విక్ దగ్గరికి చేరి, వాడి క్వార్టరు వెనక, పొయ్యిబూడిదలో కలిపి ఆయన దాచిన గింజలన్నీ విత్తాను. మొలిచినవి రెండే. రోజూ పొద్దున ఆకుల మీది బొగ్గుదుమ్మును తడిగుడ్డతో తుడిచాను, పసిపిల్ల మొహం తుడిచినట్టు. కాపు పట్టింది.

ఆ కాపే నా కొంప ముంచింది. ఋత్విక్ ఆఫీసులో పెద్దసారు సూర్యప్రకాశరావు. ఆయన భార్య చంద్రమతికి షుగరు. మావాడు నాలుగు కాయలు ఇచ్చొస్తే రసం తీసి తాగిందట. ఇక చూడండి, పొద్దున నడిచే ఆడవాళ్లందరికీ మా పెరడే దవాఖాన అయింది! మందు కొట్టనిదట, దేశవాళీదట, పరగడుపున తాగితే షుగరు దిగుతుందట. ఇలాంటి గిరాకీ చూసే రెండేళ్లుగా చుట్టుపక్కల ఊళ్లల్లో పత్తి తీసేసి కాకర పందిళ్లు వేస్తున్నారు. మాకు కూరలు తెచ్చే భూపాల్ కూడా వేశాడు.

నేను ఇవ్వనన్నానా? లేత కాయలు కోసి ఇస్తూనే ఉన్నాను. ఆబ్దికానికి కొన్ని, విత్తనానికి కొన్ని మాత్రం విడిచిపెట్టి, ఆయన పంచె అంచు చింపి ఒక్కోదానికి పేలిక కట్టాను.

"పేలిక కట్టినవి ముట్టొద్దు బిడ్డా, మీ బాపువి."

"సరేనే అమ్మా" అన్నాడు కొడుకు.

ఆబ్దికం ఎల్లుండి అనగా పురోహితుణ్ణి పిలవడానికి మంథని పోయాను. తిరిగొచ్చేసరికి పందిరి బోసిగా ఉంది. కింద మట్టిలో పేలికలు పడి ఉన్నాయి.

"ఏందిరా గిది?"

వాడు తల ఎత్తలేదు. "మేడం తన చేత్తో కోసుకుంటనని వచ్చిందే. పేలికలు చూసి, మాకోసం దాచినవా అని సంబురపడ్డది. సారు పక్కనే ఉన్నడు. వద్దని ఎట్లంటనే అమ్మా?"

"నోరు పడిపోయిందారా నీకు!" అని అరిచి, చెప్పులేసుకొని చంద్రమతి ఇంటికి నడిచాను. ఇవతల పడేయమని అడగాలి. కడిగేయాలి.

తలుపు తీయగానే ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. "పిన్నిగారూ! రండి రండి. షుగరు దిగిందండీ, డాక్టరే నమ్మలేదు. మీ చలవే!" కళ్లనిండా నీళ్లు. "అన్నీ ఒకేసారి రసం తీసి ఫ్రిజ్‌లో పెట్టేశాను."

"గింజలో?"

"గట్టిపడ్డాయండీ, మిక్సీకి అడ్డం. చెత్తబండిలో వేసేశాను. ఏం, మీకు కావాల్సినవా?"

ఆమెను తిట్టాలనే పోయాను. మంచి మనిషి, అబద్ధమెందుకు చెప్పను, ఆ చేతులు విదిలించుకోలేకపోయాను. "ఏం లేదమ్మా" అని తిరిగొచ్చాను. దారంతా ఏడ్చాను.

మర్నాడు ఋత్విక్ భూపాల్ దగ్గరికి పరుగెత్తాడు. "దేశవాళీది అడిగేటోళ్లే గాని ఏసేటోళ్లు ఎవరున్నరన్నా? గది కాపు తక్కువ. నాది కంపెనీ గింజనే" అని సంచినిండా ఇచ్చాడట.

ఆబ్దికం రోజు కోడలు మనోజ్ఞ మడి కట్టుకొని వండింది. భోక్తల విస్తళ్లలో జానెడు కాయల ముక్కలు పడ్డాయి.

"చేదే లేదమ్మా, మస్తుగున్నది" అని పెద్ద భోక్త మారు వేయించుకున్నాడు.

గడప దగ్గర కూర్చొని ఆ విస్తరి చూశాను. పేలికలు గుప్పిట్లో పట్టుకొని, ఎవరికీ వినబడకుండా ఆయనతో అన్నాను: "పోయినంక తింట అంటిరి గదా. ఇది మీ అమ్మ గింజ కాదు. మీరు ముట్టకుండ్రి."