కుళాయి పక్క మడి

పెరట్లో కుళాయి పక్కనున్న మూలలో ఏదీ బతకదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. గడ్డి కూడా అక్కడిదాకా వచ్చి మొహం చాటేసేది. అలాంటి చోట ఆ ఏడాది స్విస్ చార్డ్ ఏపుగా పెరిగింది. అరచేతికి రెండింతలుండే ఆకులు, ఎరుపు, పసుపు, గులాబీ, నారింజ రంగుల కాడలు. గింజల ప్యాకెట్ మీద బొమ్మ చూసి మనసు పారేసుకుని మేస్త్రీ భార్య తెచ్చిన ఆకుకూర అది. నాలుగు బస్తాల ఎరువు ఆ మూలలో కుమ్మరించింది. "చచ్చిన నేలని లేపి కూర్చోబెట్టాను" అని వీధిలో ఎదురైన వాళ్లందరికీ చెప్పుకుంది. అంత నడుం విరగ్గొట్టుకున్నాక ఆ మాత్రం చెప్పుకోవడంలో తప్పేముంది?

గింజలు చల్లే రోజున మేస్త్రీ ఒక్క మాట అనకపోలేదు.

"అక్కడెందుకు? ఇంటి ముందు వేసుకోరాదూ?"

"ఇంటి ముందు ఎండేదీ? మీరు పేపరు చదువుకోండి. సేద్యం నాకొదిలేయండి."

ఆయన పేపరు చదువుకున్నాడు.

ఆయన ముప్పై ఏళ్లు బ్యాటరీల షెడ్డులో మేస్త్రీగా పనిచేశాడు. పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి సీసం పలకలు లాగి, కరిగించి మళ్లీ పోసే పని. సాయంత్రం ఇంటికొస్తే వీధి తలుపులోంచి లోపలికి అడుగు పెట్టేవాడు కాదు. పక్క సందులోంచి పెరట్లోకి పోయి, ఆ కుళాయి కింద బట్టలు విప్పి, ఉతికి ఆరేసి, ఒళ్లు ఎర్రబడేదాకా రుద్దుకుని అప్పుడు వచ్చేవాడు. చలైనా, జ్వరమైనా ఒక్కరోజు తప్పలేదు. "మా ఆయన షెడ్డు మురికిని గడప దాటనివ్వలేదు" అని భార్య కొత్తగా పరిచయమైన వాళ్లకి రెండో మాటగా చెప్పేది. పెద్దగా పేరూ ఆస్తీ లేని ఆ ఇంటికి ఉన్న గొప్ప అదొక్కటే. గడప దాటని మురికి ఎటు పోయిందని మాత్రం ఎవరూ అడగలేదు. ముప్పై ఏళ్ల బూడిదరంగు నీళ్లు ఆ మూలలోనే ఇంకాయి. పని మానేసి పన్నెండేళ్లయింది కదా, అన్ని వానలకి కొట్టుకుపోయి ఉంటుందిలే అని మేస్త్రీ తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. తనకి తాను చెప్పుకునే మాటకి అడ్డు చెప్పేవాళ్లు ఎవరుంటారు?

వాళ్ల కూతురు ప్యాకింగ్ కంపెనీలో పనిచేస్తుంది. పొద్దున్నే వెళ్తూ తన నాలుగేళ్ల పాపని అమ్మానాన్నల దగ్గర వదిలేది. ఒక్క క్షణం నోరు మూయని ఆ పిల్లని అందరూ పిచ్చుక అని పిలిచేవాళ్లు. చార్డ్ మొదటి కోతకి వచ్చిన రోజుల్లోనే, పిల్ల పాలిపోయిందని క్లినిక్‌కి తీసుకెళ్తే, రక్తం తక్కువుంది, ఆకుకూరలు బాగా పెట్టమన్నారు. అమ్మమ్మకి కొత్త ఉద్యోగం దొరికినట్టయింది. పొద్దున గుడ్డులో కలిపి, మధ్యాహ్నం అన్నంలో కలిపి, సాయంత్రం సూపు చేసి పెట్టింది. పిచ్చుక అంతటితో ఊరుకుంటుందా? మడిలో చతికిలబడి, మట్టి చేతులతోనే కాడలు విరిచి, "ఇది ఎరుపు, ఇది పసుపు, ఇది నా గులాబీ" అంటూ పచ్చివే నమిలేది.

ఒక మధ్యాహ్నం పిల్ల కడుపు పట్టుకుని, మోకాళ్లు గడ్డానికి ఆనించి ముడుచుకుపోయింది. అమ్మమ్మ వాము నీళ్లు పట్టింది. మేస్త్రీ మాత్రం ఆ ముడుచుకోవడాన్ని గుర్తుపట్టాడు. షెడ్డులో కొలిమి దగ్గర పనిచేసే ఒకడు అచ్చం అలాగే ముడుచుకునేవాడు. దాన్ని వాళ్లు సీసం నొప్పి అనేవాళ్లు. దానికి షెడ్డులో అందరూ నమ్మిన మందు ఒకటుంది. పని దిగగానే మనిషికో గ్లాసు పాలు. పాలు సీసాన్ని లాగేస్తాయని యజమాని చెప్పేవాడు, వీళ్లు నమ్మేవాళ్లు. మేస్త్రీ ముప్పై ఏళ్లు తాగాడు, బతికే ఉన్నాడు. కొలిమివాడు రోజూ రెండు గ్లాసులు తాగి కూడా నలభై నిండకుండానే పోయాడు. ఆ సంగతిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఆ సాయంత్రం నుంచి మేస్త్రీ మనవరాలికి పాలు పట్టడం మొదలుపెట్టాడు. పొద్దునొకటి, సాయంత్రమొకటి. ఆకుల్ని తనే మూడు నీళ్లలో కడిగేవాడు.

"ఈ వయసులో వంటింటి మీద ప్రేమ పుట్టుకొచ్చిందేం?" అని భార్య నవ్వింది.

ఆయనా నవ్వాడు. ఆ మడి పీకేయమని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే ఎందుకని అడుగుతుంది. చెబితే, ఇన్నేళ్లుగా ఆవిడ తలెత్తుకుని చెప్పుకున్న మాట కాస్తా మట్టికొట్టుకుపోతుంది. పాలు పనిచేస్తాయిలే, ఇంకో వారం చూద్దాం అనుకున్నాడు. పిరికితనానికి వారాలు ఎన్నైనా చాలవు.

పిచ్చుక మాటలు తగ్గాయి. ఊరికే విసుక్కునేది, తిన్నది ఒంటబట్టేది కాదు. ఒకరోజు ఎర్ర కాడ పట్టుకుని చాలాసేపు చూసి, "తాతా, ఇది... ఇది..." అని, ఆ మాట దొరక్క ఏడ్చింది. క్లినిక్‌లో రక్తం ఇంకా తగ్గిందన్నారు. అమ్మమ్మ ఇంకో కట్ట ఎక్కువ కోసింది. మేస్త్రీ ఇంకో గ్లాసు పాలు కలిపాడు.

అలా నాలుగు నెలలు గడిచాక, ఒక ఆదివారం పొద్దున, చేతిలో చెంచా ఉండగానే పిల్ల కళ్లు తేలేసి కొట్టుకోవడం మొదలుపెట్టింది.

పెద్దాసుపత్రిలో రెండు రోజుల తర్వాత డాక్టరమ్మ ముగ్గుర్నీ గదిలోకి పిలిచింది. పిల్ల రక్తంలో సీసం ఉంది, చాలా ఎక్కువగా ఉంది అని చెప్పింది. ఇంట్లో ఎవరైనా సీసంతో పనిచేస్తారా అని అడిగింది.

"ఈయన చేసేవారండీ, ఎప్పుడో," అంది భార్య. "కానీ మా ఆయన ఆ మురికిని గడప దాటనివ్వలేదు. ముప్పై ఏళ్లు పెరట్లో కుళాయి కిందే కడుక్కుని..."

కూతురు తల్లిని చూసి, తండ్రిని చూసింది.

"అక్కడ ఇప్పుడేముంది?" అడిగింది డాక్టరమ్మ.

"మా అమ్మ ఆకుకూర మడి," అంది కూతురు. "పాప రోజంతా ఆ మట్టిలోనే ఆడుతుంది. ఆ ఆకులే తింటుంది."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. సీసాన్ని దింపే మందు ఈరోజే మొదలుపెడతామంది. రక్తంలోంచి చాలావరకు దిగుతుంది గానీ, మెదడుకి ఇప్పటికే జరిగిన నష్టం ఎంత వెనక్కి వస్తుందో చెప్పలేనంది. "కొన్ని నెలల ముందు తెచ్చుంటే బాగుండేది. పాపం, మీకెలా తెలుస్తుంది!"

ఆ జాలిమాట మేస్త్రీ భరించలేకపోయాడు.

"నాకు తెలుసండీ," అన్నాడు. "మొదటిసారి కడుపు పట్టుకున్న రోజే తెలుసు. పాలు పడితే పోతుందనుకున్నాను. చెప్పడానికి... నోరు రాలేదు."

నలభై రెండేళ్లలో ఆయన మీద ఒక్కసారి గొంతు పెంచని భార్య అప్పుడూ పెంచలేదు.

"నాలుగు నెలలు," అంది. "నా చేత్తోనే పెట్టించారా?"

ఆవిడ తన రెండు అరచేతుల్నీ ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది. కంట్లో నీటిచుక్క లేదు.

అవతలి గదిలో సూది గుచ్చినట్టున్నారు, పిల్ల కెవ్వుమంది. అమ్మని పిలవలేదు, అమ్మమ్మనీ పిలవలేదు. "తాతా! తాతా!" అని గుక్కపట్టి ఏడ్చింది. ఎన్ని మాటలు పోయినా ఆ ఒక్క మాట పోలేదు. మేస్త్రీ గబుక్కున లేచాడు. కూతురు ఆయనకంటే ముందే లేచి తలుపుకి అడ్డంగా నిలబడింది.

"నువ్వు రావద్దు నాన్నా," అని, తలుపు మూసుకుని లోపలికి వెళ్లింది.