చెన్నమ్మకు రెండో బాప్తిస్మం

కొండాపూర్ వెనక, లేస్తున్న అద్దాల మేడల మధ్య, ఒక రేకుల షెడ్డులో మెన్నొనైట్ శాఖకు చెందిన క్రైస్తవ సంఘం ఉండేది. పాలమూరు నుంచి కట్టుబడి పనులకు, కాపలా పనులకు వచ్చిన కుటుంబాలు అక్కడ చేరేవి. దాన్ని మొదలుపెట్టింది పుణ్యవతి. ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేస్తూ, జ్వరాలొచ్చినవాళ్ళ దగ్గర ప్రార్థన చేసేది, మొగుడూపెళ్ళాల తగవులు తీర్చేది, ఆదివారం తన గదిలోనే వాక్యం చెప్పేది. అప్పుడు సంఘానికి పేరూ లేదు, కుర్చీలూ లేవు. కాబట్టి ఏ మగవాడికీ ఆమె బోధ మీద అభ్యంతరం కలగలేదు.

షెడ్డూ, మైకూ రాగానే అభ్యంతరం కూడా వచ్చింది. సెక్యూరిటీ సూపర్‌వైజర్ రాజయ్య పెద్దమనిషిగా కమిటీ ఏర్పడింది. కూకట్‌పల్లి నుంచి ప్రభుదాసు అనే పాస్టరును పిలిపించుకున్నారు. ఆయన కోస్తావాడు, బైబిలు కాలేజీలో చదివినవాడు. పుణ్యవతికి చాపలు పరిచే పని మిగిలింది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. రాజయ్య రోజూ దీక్షా శిబిరంలో కూర్చుని, మన బతుకు మీద వేరేవాళ్ళ పెత్తనం ఏందని గొంతు చించుకునేవాడు. ఆదివారం అదే గొంతుతో, సంఘంలో ఆడవాళ్ళు నోరెత్తకూడదని చెప్పేవాడు. రెండు మాటలూ ఒకే నోట్లో ఇమడడం అతనికి ఏమాత్రం ఇబ్బంది అనిపించలేదు.

ఒక ఆదివారం పాస్టరు తమ మెన్నొనైట్ శాఖ పుట్టుక గురించి చెప్పాడు. ఐదువందల ఏళ్ళ కిందట ఐరోపాలో కొందరు, పసితనంలో ఎవరో ఇప్పించిన బాప్తిస్మం చెల్లదనీ, ఎవరికి వారు నమ్మి అడిగి తీసుకున్నదే చెల్లుతుందనీ అన్నారట. లోకం వాళ్ళని రెండోసారి ముంచేవాళ్ళని వెక్కిరించిందట. వాళ్ళ ఆడవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెబితే, పట్టుకుని నదుల్లో ముంచి చంపారట. చెబుతూ చెబుతూ పాస్టరు కళ్ళు తుడుచుకున్నాడు. రాజయ్య కూడా తుడుచుకున్నాడు. ఎప్పుడో చచ్చిపోయిన ఆడవాళ్ళంటే ఆ ఇద్దరికీ ఎంతో గౌరవం.

ప్రార్థన ముగిశాక చెన్నమ్మ లేచింది. పక్క బిల్డింగులో ఇటుకలు మోసే మనిషి, ఏడాదిగా సంఘానికి వస్తోంది. భర్త ఎల్లేశం మాత్రం ఎప్పుడూ రాలేదు.

"అయ్యగారూ, నాకు బాప్తిస్మం గావాలె."

"సంతోషం అమ్మా. మీవారి అనుమతి ఉందాండీ?"

"నేను నమ్మిన. ఆయన అనుమతి ఎందుకు?"

"కుటుంబానికి శిరస్సు ఆయన కదమ్మా."

పుణ్యవతి చాప చుడుతూ ఆగింది. "ఎవరికి వాళ్ళే అడగాలని ఇప్పుడే చెప్పిండ్రు గద, అయ్యగారూ? ముంచి చంపేటప్పుడు పెనిమిటి ఒప్పుకున్నడా అని అడిగిండ్రా వాళ్ళను?"

"అది హింసల కాలమండీ. ఇప్పుడు సంఘానికి ఒక క్రమం ఉంది," అన్నాడు పాస్టరు.

ఆ సాయంత్రం రాజయ్య స్వయంగా ఎల్లేశం దగ్గరికి వెళ్ళాడు. ఎల్లేశం బీడీ పక్కన పెట్టి, "నన్నడుగుడేంది? నమ్మింది ఆమె. ఆమెనే అడుగుండ్రి," అన్నాడు. కమిటీ దీన్ని గంభీరంగా చర్చించి, భర్త అనుమతి ఇవ్వలేదని తేల్చింది.

తర్వాతి ఆదివారం బంద్. బస్సులు లేవు, పాస్టరు రాలేదు, చెన్నమ్మ పనిచేసే బిల్డింగు దగ్గర పని ఆగింది. గోడలు తడపడానికి కట్టిన సిమెంటు తొట్టి నిండా నీళ్ళున్నాయి. పుణ్యవతి చీర కుచ్చిళ్ళు దోపుకుని అందులోకి దిగింది. ఆడవాళ్ళు చుట్టూ నిలబడ్డారు.

"ఎవరి మాట మీద వచ్చినవ్, చెన్నమ్మా?"

"నా మాట మీదనే, అక్కా."

పుణ్యవతి ఆమెను ముంచి లేపింది. చెన్నమ్మ దగ్గుతూ, నవ్వుతూ, ముఖం మీది జుట్టు తోసుకుంది. నీళ్ళు చల్లగా ఉన్నాయని అందరికీ రెండుసార్లు చెప్పింది.

సంగతి తెలిసి కమిటీ అత్యవసరంగా కూడి, పుణ్యవతినీ చెన్నమ్మనూ పిలిపించింది. పాస్టరు చాలా శాంతంగా మాట్లాడాడు. "మీ మీద కోపం లేదండీ. ఆ బాప్తిస్మం చెల్లదు, అంతే. వచ్చే ఆదివారం చెన్నమ్మకు నేను మళ్ళీ ఇస్తాను."

"మళ్ళా ముంచుతరా?" అంది పుణ్యవతి. "అయితే వాళ్ళని లోకం వెక్కిరించిన పేరు మీకు మంచిగ సరిపోతది, అయ్యగారూ."

రాజయ్య బల్ల మీద కొట్టాడు. "పెద్దల మాట వింటవా, బయటికి పోతవా?"

జవాబు చెన్నమ్మ చెప్పింది. "ఒకసారి మునిగిన, రాజన్నా. నాకు అది సాలు. మీకు సాలకుంటే మీరు మునుగుండ్రి."

ఇద్దరినీ వెలివేశారు. ఎనిమిది మంది ఆడవాళ్ళు వాళ్ళ వెంట నడిచారు, మిగిలినవాళ్ళు నడవలేదు. పుణ్యవతి కొన్నాళ్ళు ఆ షెడ్డు ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే దారి మార్చుకునేది. తన చేతులతో కట్టుకున్నది పోయిందని ఒకటి రెండుసార్లు ఏడ్చింది కూడా. ఆదివారం చెన్నమ్మ గదిలో వాక్యం చెప్పడం మాత్రం ఆపలేదు.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడాది రాజయ్య షెడ్డు ముందు మిఠాయి పంచి, ఇగ మనల్ని మనమే ఏలుకుంటమని ప్రసంగించాడు. ఆ సంతోషంలో కమిటీ ఒక ఉదారమైన తీర్మానం చేసింది: ఇకపై స్త్రీలు పాట ఎత్తుకోవచ్చు.

ఆ నెలలోనే పుణ్యవతి ఇద్దరు ఆడవాళ్ళకూ ఒక మగవాడికీ బాప్తిస్మం ఇచ్చింది. ఆ మగవాడు ఎల్లేశం కాదు. ఎల్లేశం ఇంకా ఆలోచించుకుంటున్నాడు. అతణ్ణి ఎవరూ తొందరపెట్టలేదు.