వరసలు తెలిసిన కారు

ఇంట్లో పాలు కాగినా కాగకపోయినా, పొద్దున్నే అనూరాధ కారు కడగడం మాత్రం ఆగదు. ఒక బకెట్లో సబ్బునీళ్ళు, ఒకదాంట్లో మంచినీళ్ళు. మెత్తటి గుడ్డతో పైనుంచి కిందికి తుడుచుకొచ్చి, చక్రాల సంగతి ఆఖర్న చూస్తుంది. అది ఎర్రటి హ్యాచ్‌బ్యాక్. మనిషి పొట్టి అయినా మాట గట్టి అన్నట్టు, వెనక రెండు పొగగొట్టాలు, లోపల టర్బో ఇంజను, చేత్తో వేసుకునే ఆరు గేర్లు. ఆటోమేటిక్ కొనుక్కోమని సలహా ఇచ్చినవాళ్ళతో ఆమె ఇప్పటికీ ముభావంగానే ఉంటుంది.

"గేదెని కూడా ఇలగ కడగరే" అంటాడు వరండాలోంచి తండ్రి జగన్నాధం.

"గేదెకి ఆరు గేర్లుంటే దాన్నీ కడుగుదును నాన్నా."

అనూరాధ గరివిడిలో పళ్ళ డాక్టరు. తల్లి పోయాక ఆ ఇంట్లో తండ్రి, కూతురు, కారు, ముగ్గురే. జగన్నాధానికి నాలుగెకరాల వరి, కాస్త మెట్ట ఉన్నా ఆయన అసలు పంట చుట్టరికాలు. ఎవరి మేనత్తని ఏ ఊరిచ్చారో, ఎవరి తోడల్లుడు ఎవరికి బావమరిదో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. అడక్కపోయినా చెప్తాడు.

ఆ కారుకి ఒక గుణం ఉంది. అనూరాధకి వరసకి పెద్దవాళ్ళయినవాళ్ళని అది దాటదు.

ఈ సంగతి కొన్నరోజే తెలిసింది. విజయనగరం షోరూము నుంచి కొత్త కారు తెస్తుంటే, ముందు గడ్డిమోపు వేసుకుని మోపెడ్ మీద దూరపు వరస పెదనాన్న పోతున్నాడు. అనూరాధ మూడో గేరు వేసి తొక్కింది. ఇంజను ఒకసారి గర్జించి, నాలిక కరుచుకున్నట్టు ఊరుకుంది. ఇల్లు చేరేదాకా కారు మోపెడ్ వెనకే, గడ్డిపరకలు ఏరుకుంటూ వచ్చింది. మర్నాడు షోరూముకెళ్ళి నిలదీస్తే, అక్కడి కుర్రాడు కంప్యూటరు చూసి తాపీగా చెప్పాడు.

"మీ పెదనాన్నగారా మేడమ్? అయితే దాటదండి. కొన్ని బళ్ళకి ఉంటాదది. వారంటీలో రాదు."

ఊళ్ళో ఎవరూ వింతపడలేదు. మర్యాద తెలిసిన బండి అన్నారు, అంతే. కష్టమల్లా అనూరాధదే. ఆ చుట్టుపక్కల రోడ్డెక్కిన ప్రతివాడూ ఆమెకి బాబాయో మావయ్యో. ఇంతమంది చుట్టాలున్నదానివి టర్బో ఎందుకు కొన్నావని స్నేహితులు ఏడిపించేవారు. పోనీ వయసు చూస్తుందా అంటే అదీ లేదు, వరసే చూస్తుంది. వీధి చివర మూడేళ్ళ నరసింగరావు ఆమెకి వరసకి తాత. వాడు మూడుచక్రాల సైకిలెక్కి రోడ్డు మీదికొస్తే, వాడికి ఆకలేసి ఇంటికెళ్ళేదాకా కారు వాడి వెనక నడవాల్సిందే.

మర్యాదలో కూడా మెట్లున్నాయి. బాబాయిల వెనక ఊరికే వేగం తగ్గిస్తుంది. తాతల వెనక లైట్లు దించుకుంటుంది. అత్తల వెనకయితే మాత్రం పాట ఆపేసి, ఏసీ తగ్గించి, పొగగొట్టాల గుడగుడ కూడా మింగేస్తుంది.

ఇవన్నీ కనిపెట్టింది జగన్నాధమే. కూతురి పక్క సీట్లో కూర్చుని ఆయన పెద్ద జడ్జీ అయిపోయాడు. పెళ్ళిళ్ళలో మొదటి బట్టలు ఎవరికి పెట్టాలన్న తగువొస్తే, ఆ ముసలాళ్ళిద్దరినీ రెండు మోపెడ్ల మీద పక్కపక్కన తోలేవారు. కారు ఎవరి వెనక చేరితే పెద్దరికం వాళ్ళది. "నేను పొరబడతానేమో గానీ కారు పొరబడదు" అనేవాడు జగన్నాధం. మూడేళ్ళ నరసింగరావు కాళ్ళకి బంధువులందరిచేతా దండాలు పెట్టించింది కూడా ఆయనే.

ఆదివారాలు మాత్రం అనూరాధవి. తెల్లవారకముందే లేచి భావనపాడు దాకా వెళ్ళిపోయేది. సముద్రం మీద వేటకెళ్ళేవాళ్ళలో ఆమె చుట్టాలెవరూ లేరు. టెక్కలి దాటాక కారు గొంతు విప్పుకునేది. మూడో గేర్లో టర్బో అందుకుని వీపుని సీటుకి నొక్కేసినప్పుడు, వారమంతా పీకిన పళ్ళన్నీ మర్చిపోయి ఆమె ఒక్కత్తే గట్టిగా నవ్వుకునేది.

సత్యం కలిసింది ఆ దారిలోనే, పెట్రోలు బంకులో. టైర్లలో గాలి ఎంత ఉండాలన్న దగ్గర ఇద్దరికీ మాటామాటా పెరిగింది. అతనికి నీలం హ్యాచ్‌బ్యాక్ ఉంది. ఉద్యోగం గూడ్సు రైలు నడపడం. వారమంతా ముందున్నదాన్ని దాటే వీల్లేని బండి నడిపి, ఆదివారం ఆ కసి తీర్చుకుంటాడు. గాలి దగ్గర మొదలైన తగువు టిఫిన్ల మీదుగా ప్రేమలోకి దిగింది. ఎర్ర కారు నీలం కారుని ఎన్నోసార్లు దాటేసింది. మొగుడయ్యేవాణ్ణి అది పెద్దల్లో లెక్కేసినట్టు లేదు.

సత్యం వాళ్ళు నెల్లిమర్లలో ఉంటారు. బాప్టిస్టు చర్చికెళ్ళే కుటుంబం. తండ్రి పాల్ మోకాళ్ళ నొప్పులతో మంచానికి అతుక్కుపోయిన రిటైర్డు మాస్టారు. తల్లి లీలారాణి నర్సుగా చేసి రిటైరైంది. ఆవిడ ఒక మాట అనేసింది.

"ఆ పిల్ల తండ్రి మా గుమ్మంలోకొచ్చి అడగాల. సాటుగా తెచ్చీసుకోడానికి పిల్లేటయినా జాంపండా?"

జగన్నాధం మాట జగన్నాధానికుంది.

"మంచోళ్ళే అవొచ్చే. గానీ మనకి ఏటవుతారు? ఏటీ కారు. ఏటీ కానోళ్ళకి పిల్లనెలాగిస్తాను?"

"పెళ్ళయితే అవుతారు కద నాన్నా."

"అయినాక అవడం కాదు. ముందే ఏదో దారిని అయ్యుండాల" అని కండువా దులిపి లేచిపోయాడు. గోడకి చెప్పినా ఇంతకంటే వింటుందని అనూరాధ ఆ రాత్రి అన్నం మానేసింది.

"డాక్టరమ్మా, ఓసారి మా యమ్మ స్కూటరెనకాల తోలి సూడకూడదేటి? తేలిపోతాది" అన్నాడు సత్యం ఒక ఆదివారం.

"దాటేసిందనుకో?"

దాటేస్తే లీలారాణి ఆమెకి ఎప్పటికీ అత్త కాదన్నట్టే. ఆ భయంతోనే, నెల్లిమర్లలో ఆకుపచ్చ స్కూటరు కంటబడితే చాలు, అనూరాధ ఏదో ఒక సందులోకి తిప్పేసేది. మలుపుల్లో బ్రేకు తొక్కని మనిషి ఆ ముసలి స్కూటరుకి మాత్రం హడలిపోయేది.

వేసవిలో జగన్నాధం విజయనగరంలో ఒక సంబంధం చూశాడు. వాళ్ళు దూరపు చుట్టాలే, మూడు దారుల్లో చుట్టాలు. ఒకరోజు, వర్జ్యం రాకముందే వెళ్ళి మాట ఇచ్చి రావాలన్నాడు. ఆయనకి డ్రైవింగు రాదు. అంచేత తన పెళ్ళి మాటలకి తనే డ్రైవరుగా బయల్దేరింది పెళ్ళికూతురు. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకుండా వేగంగా నడపడం ఎలాగో ఆమెకి తెలుసు గానీ, ఎదురు చెప్పడమెలాగో ఇంకా రాలేదు. తండ్రంటే ఆమెకి ప్రేమ, ఆ ప్రేమే గొంతుకి అడ్డం పడింది.

దారిలో ఇసక లారీని దాటారు, ట్రాక్టరుని దాటారు, బస్సుని దాటారు. చుట్టాలెవరూ తగలనందుకు జగన్నాధం మొదటిసారి సంతోషించాడు. రేడియోలో ఏదో పాట వస్తుంటే తొడ మీద తాళం కూడా వేశాడు.

నెల్లిమర్ల ఇంకా రాలేదు. మలుపు తిరిగేసరికి ముందు ఆకుపచ్చ స్కూటరు. హెల్మెట్టు, ఎగరకుండా బొడ్లో దోపిన కొంగు, గంటకి ఇరవైకి మించని వేగం, సరిగ్గా రోడ్డు మధ్యన. లీలారాణి.

అనూరాధ అటూ ఇటూ చూసింది. ఒకపక్క కాలవ, ఒకపక్క పొలం. తిప్పుకోడానికి సందు లేదు.

"ఏటే అలగ సూస్తన్నావు? దాటించు. బేగి. వర్జ్యం వచ్చీస్తది" అన్నాడు జగన్నాధం. ఆయన లీలారాణిని ఎప్పుడూ చూసిన పాపాన పోలేదు.

సగమే తొక్కి, ‘వెళ్ళడం లేదు నాన్నా’ అనేయొచ్చు. ఆ ఆలోచన రాకపోలేదు. కానీ ఈ కారుతో ఆమె ఎప్పుడూ దొంగాట ఆడలేదు. పైగా తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. రెండో గేరులోకి దించింది. దేవుళ్ళందరినీ, సత్యం వాళ్ళ దేవుణ్ణి కూడా కలుపుకుని, ఒక దండం పెట్టుకుంది. యాక్సిలరేటరు నేలకంటా తొక్కేసింది.

ఇంజను ఒక్కసారి లేచింది. కారు ముక్కు కుడివైపుకి తిరిగింది. స్కూటరు వెనక చక్రం పక్కకి వచ్చేసింది. అయిపోయింది అనుకుంది అనూరాధ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు పాట ఆగిపోయింది.

ఏసీ తగ్గింది. పొగగొట్టాలు గప్‌చుప్. కారు మెల్లగా వెనక్కి తగ్గి, స్కూటరు వెనక బుద్ధిగా చేరి, ఇరవైలో నడవడం మొదలెట్టింది. కాలు ఇంకా నేలకంటా తొక్కే ఉంది. అనూరాధకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. దగ్గినట్టు నటించింది.

"పాట ఆగిపోనాది! సూసినావా, ఆగిపోనాది! అత్త వరస!" అని ఎగిరి కూర్చున్నాడు జగన్నాధం. తెలియని చుట్టం దొరకడమంటే ఆయనకి పొలంలో లంకెబిందె దొరికినట్టే. వర్జ్యం గాల్లో కలిసిపోయింది. "నీకు అత్తంటే నాకు సెల్లెలు. నాకు తెలీని సెల్లెలు ఎవురే ఇక్కడ?"

"నాన్నా, ఆవిడ..."

"నువ్వూరుకో. సెప్పకు. నేనే కనిపెడతాను." కళ్ళు చిట్లించి స్కూటరు వైపు చూశాడు. "మా అయ్య మేనత్తని బొబ్బిలవతల ఇచ్చినారు. ఆవిడ తాలూకే అయ్యుంటాది. ఆ నడుం సూడు, ఎంత నిటారుగా ఉన్నాదో. మా వంశం నడుమది. రోడ్డు మద్దెన ఎలగ ఎల్తందో సూడు. ఎనకాల లారీ హారను కొట్టుకుంటన్నా దారివ్వదు. అచ్చం మనోళ్ళే!"

ఇంతలో ఫోను మోగింది. విజయనగరం వాళ్ళు. "దారిలో మా సెల్లెలు తగిలినాదండి, తరవాత మాటాడతాను" అని జేబులో పడేశాడు.

ఊరు మొదట్లో తాటిముంజల కుప్ప దగ్గర స్కూటరు ఆగింది. కారు కూడా ఆగింది. జగన్నాధం కండువా సర్దుకుని, దిగి, ఆనందంతో రెండు చేతులూ జోడించాడు.

"సెల్లీ! నిన్ను నేనెరగను గానీ, నువ్వు నా సెల్లెలివి. మా కారు సెప్పినాది. ఏ ఊరమ్మా మీది? ఎవురి తాలూకు?"

లీలారాణి ముందు కారుని చూసింది, తర్వాత స్టీరింగు వెనక పాలిపోయి ఉన్న పిల్లని చూసింది. తాపీగా హెల్మెట్టు తీసింది.

"ఈ ఊరేనండి. లీలారాణి నా పేరు. సత్యం వాళ్ళ యమ్మని."

జోడించిన చేతులు జోడించినట్టే ఉండిపోయాయి. జగన్నాధం తిరిగి కారు వైపు చూశాడు. కారు ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. కూతురు ఏమీ ఎరగనట్టు కూర్చోలేకపోతోంది.

"ఎండకి కారుకి... ఏదో..." అన్నాడు.

ముంజలు కొట్టే గున్నమ్మ కత్తి పక్కన పెట్టింది. "అదేటి బాబూ? ఈ కారు సెప్పిందనే కద మీవోళ్ళు మూడేళ్ళ గుంటడి కాళ్ళకి దండమెడతన్నారు. ఇది తప్పయితే, ఆ దండాలన్నీ ఏటయిపోవాల?"

అక్కడున్నవాళ్ళు నిజమే కదా అన్నట్టు తలలూపారు. ఆ తీర్పులన్నీ జగన్నాధం కళ్ళముందు వరసగా నిలబడ్డాయి. ఒక్కటి లాగితే అన్నీ కూలతాయి. కానీ నిజం చెప్పాలంటే, ఆయన్ని కట్టేసింది ఆ పరువొక్కటే కాదు. ఇందాకటి నుంచీ ఆ నిటారు నడుం వెనక వస్తూ ఆయన ఎంతో సంబరపడ్డాడు. ఒక చెల్లెలు దొరికిందనుకున్నాడు. ఆయనకి తోడబుట్టినవాళ్ళెవరూ లేరు. లోకంలో అందరి చుట్టరికాలూ లెక్కపెట్టేది అందుకేనేమో అని అనూరాధకి ఆ క్షణంలోనే తట్టింది, తట్టి గుండె చెరువైంది.

లీలారాణి ఎదురు చూస్తోంది. తొందరపెట్టలేదు.

జగన్నాధం కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"సెల్లీ, మా బావ ఇంటికాడే ఉన్నాడా?"

ఆవిడ కళ్ళు ఒక్కసారి చెమ్మగిల్లాయి. మాట మాత్రం మామూలుగానే వచ్చింది.

"ఉన్నాడన్నా. ఆ మోకాళ్ళతో ఎక్కడికెల్తాడు? రా, భోంచేసి ఎల్దువు."

సెల్లి ఇంటికి ఉట్టి చేతులతో వెళ్ళడమేటని జగన్నాధం గున్నమ్మ దగ్గరున్న ముంజలన్నీ కొనేశాడు. ఒడినిండా పోసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. స్కూటరు కదిలింది. వెనకే కారు, ఇరవైలో.

"నెమ్మదిగానే పోనీయే" అన్నాడు జగన్నాధం. "బావతో ఏటి మాటాడాలో నేను ఆలోసించుకోవాల."

ముంజల నీళ్ళు ధారగా సీటు మీదికి కారుతున్నాయి. ఆ కారులో ఇంతవరకూ ఎవర్నీ బిస్కెట్టు ముక్క కూడా తిననివ్వని అనూరాధ, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, తనకొకటి ఒలిచి పెట్టమని తండ్రి ముందు రెండో చెయ్యి చాపింది.